వాంతిభేది, ఒక ఎంజైము, మన సుబ్బారావు

1876-78 నాటి ధాత కరువును మా కంబదూరు సీమ చవిచూసినప్పుడు అనంతపురం ఇంకా వేరు జిల్లా కాలేదు. 1882 వరకు ఈ ప్రాంతం బళ్లారి జిల్లాలోనిదే. వానలు లేక జనం గంజి కేంద్రాల చుట్టూ, మిగిలిన కొద్దిపాటి బావుల చుట్టూ గుమిగూడారు. ఆకలితో పాటు వాంతిభేది కూడా ప్రాణాలు తీసింది. ఊళ్లలో దానిని అమ్మవారి ఆగ్రహమనుకున్నారు. సాయంత్రానికల్లా మనిషి ఎండిపోవడం చూసినవారు మరేమనుకుంటారు?

ఆ ఎండిపోవడానికి కారణం తెలియడానికి దాదాపు నూరేళ్లు పట్టింది. అందులో తొలి మెట్టు మన తెలుగువాడిది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్క్‌తో కలిసి హార్వర్డులో 1929లో ఏటీపీని గుర్తించారు. అదే యేడు జర్మనీలో లోమన్ కూడా కనుగొన్నాడు. ఏటీపీ కణానికి శక్తినిచ్చే ఇంధనమని మనం చదువుకున్నాం. అయితే 1958 నాటికి సదర్లాండ్ మరొక సంగతి బయటపెట్టాడు: అడినైలిల్ సైక్లేజ్ అనే ఎంజైము అదే ఏటీపీ నుండి రెండు ఫాస్ఫేట్లను తొలగించి, మిగిలినదానిని ఉంగరంలా ముడివేసి, సైక్లిక్ ఏఎంపీ అనే వార్తాహరుని తయారుచేస్తుంది. సుబ్బారావు 1948లోనే కన్నుమూశారు. ఈ సంగతి ఆయన వినలేదు.

మేము ఎం.బి.బి.ఎస్. చదివే రోజుల్లో ఈ ఎంజైము ఆకృతి ఎవరికీ తెలియదు. దాని పనిచేసే భాగం 1997లో స్పష్టంగా కనబడింది. కణపొరను ఆనుకొని లోపలివైపు రెండు తమ్మెలుంటాయి; వాటి నడుమ సందులోనే ఏటీపీ ఇముడుతుంది. ఆ తమ్మెలను సరిగా అమర్చి పని మొదలుపెట్టించేది జి-ప్రోటీను అనే స్విచ్చు. జీటీపీ అంటుకుంటే స్విచ్చు పడుతుంది. కొద్దిసేపటికి ఆ జీటీపీని తానే విరగ్గొట్టుకొని ఆరిపోతుంది. నియంత్రణ అంతా ఈ ఆరిపోవడంలోనే ఉంది.

కలరా విషం సరిగ్గా అక్కడే దెబ్బ తీస్తుంది. 1959లో కలకత్తాలో శంభునాథ్ డే, క్రిములు లేని ద్రవమే కుందేలు పేగులో నీరు ఊరించగలదని చూపి, ఈ విషం ఉనికిని నిరూపించారు. (ఆయనకు దక్కవలసిన గౌరవం దక్కలేదని నా అభిప్రాయం.) ఆ విషం స్విచ్చుకు ఒక రసాయన ముక్కను అతికిస్తుంది, ఇక అది ఆరదు. పేగు కణాలలో సైక్లిక్ ఏఎంపీ పొంగిపొర్లుతుంది, క్లోరైడు బయటికి పోతుంది, దాని వెంట సోడియం, నీరు. తీవ్రమైన కేసులలో గంటకు లీటరు వరకు నష్టం!

అయితే చక్కెరతో కలిపి ఉప్పును లోనికి తీసుకునే ద్వారం మాత్రం చెడదు. 1971లో బంగాఁవ్ శరణార్థి శిబిరంలో దిలీప్ మహలనబిస్ ఈ ద్వారాన్నే నమ్ముకున్నారు. 30 శాతం వరకు ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. ఓఆర్ఎస్ పొట్లం చేతికందని చోట లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చిన్న చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కొలిచి, కలిపి, ఆసుపత్రికి తీసుకువెళుతూ దారి పొడవునా తాగించవచ్చు.