సయాజీరావు గైక్వాడ్: చదువును చట్టం చేసిన బరోడా పాలకుడు

నేడు జౌళి మిల్లులకు పేరొందిన కడోదరా, సూరత్ జిల్లా పల్సాణా తాలూకాలో ఉంది. బ్రిటిషు కాలంలో సూరత్ నగరం బొంబాయి ప్రెసిడెన్సీకి చెందగా, పల్సాణా తాలూకా బరోడా సంస్థానపు నవసారి ప్రాంతంలో ఉండేది. పొరుగునే ఉన్నా, బాలల చదువు విషయంలో ఈ రెండు పాలనలూ వేర్వేరు మార్గాలు అనుసరించాయి.

మూడవ సయాజీరావు గైక్వాడ్ 1863లో నాసిక్ సమీపంలోని కవ్లాణా గ్రామంలో జన్మించారు. 1875లో దత్తతపై బరోడా గద్దెనెక్కారు. ఆయన యుక్తవయస్కుడయ్యే వరకు దివాన్ సర్ టి. మాధవరావు పాలనా వ్యవస్థను చక్కదిద్దారు. 1881 డిసెంబరులో సయాజీరావు పూర్తి అధికారాలు స్వీకరించారు.

1890లో వృత్తి విద్య కోసం కళాభవన్‌ను స్థాపించారు. 1892 నాటికి ఆజ్వా జలాశయం నుంచి బరోడా నగరానికి తాగునీరు అందింది. వీటన్నిటికంటే సాహసోపేతమైనది నిర్బంధ ప్రాథమిక విద్య. 1893లో అమ్రేలీ తాలూకాలోని కొన్ని గ్రామాలలో దీనిని ప్రయోగాత్మకంగా ప్రారంభించి, 1906లో సంస్థానమంతటికీ వర్తింపజేశారు. బాలికలను కూడా చట్టపరిధిలోకి తెచ్చారు. పిల్లలను బడికి పంపని తల్లిదండ్రులకు జరిమానా విధించేవారు. పొలం పనులలో పిల్లల సాయంపై ఆధారపడిన పేద కుటుంబాలకు ఇది భారమైంది.

బరోడా అనుభవాన్ని ఉదహరిస్తూ గోపాలకృష్ణ గోఖలే 1911లో కేంద్ర శాసన మండలిలో ప్రాథమిక విద్యా బిల్లును ప్రవేశపెట్టారు. మరుసటి సంవత్సరం అది వీగిపోయింది. స్వతంత్ర భారతంలో ఉచిత, నిర్బంధ విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది.