కిరసనాయిలు ఇంజను నుంచి ఆక్టేన్ అంకె దాకా

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో డేటన్ అనే ఊరుంది. 1916లో అక్కడ ఛార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీరు కంపెనీ, కరెంటు తీగ చేరని రైతుల ఇళ్ల కోసం డెల్కో-లైట్ అనే చిన్న జనరేటర్ తెచ్చింది. ఒక్క సిలిండర్ ఇంజను, పక్కన కొన్ని బ్యాటరీలు. కిరసనాయిలు ఎలాగూ ప్రతి ఇంట్లోనూ ఉండేదే కాబట్టి దాంతోనే నడపాలనుకున్నారు. నడిచింది గానీ, లోపల సుత్తితో కొడుతున్నట్టు ఒకటే చప్పుడు.

మెకానిక్కులు నాకింగ్ అనేది దీన్నే. సిలిండర్లో ప్లగ్గు దగ్గర పుట్టిన మంట అవతలి అంచు దాకా క్రమంగా పాకాలి. ఒత్తిడీ వేడీ మితిమీరితే మంట చేరకముందే మూలనున్న గాలి-ఇంధన మిశ్రమం తనంతట తానే ఒక్కసారిగా అంటుకుంటుంది. మిశ్రమాన్ని నొక్కే కంప్రెషన్ పెంచితే అదే ఇంధనంతో ఎక్కువ పని చేయించుకోవచ్చని ఇంజనీర్లకు అప్పటికే తెలుసు. నాకింగ్ అడ్డుపడుతుండటంతో పెంచలేకపోయారు.

చప్పుడు సంగతి తేల్చే పని థామస్ మిడ్జ్‌లీ అనే ఇరవై ఏడేళ్ల యువకుడికి అప్పగించారు. ఎర్రటి ఇంధనమైతే వేడిని త్వరగా పీల్చుకుని ముందే ఆవిరవుతుందని మిడ్జ్‌లీ, కెటరింగ్‌ల ఊహ. చేతికందిన అయోడిన్ కలిపి కిరసనాయిలును ఎర్రగా చేస్తే చప్పుడు తగ్గింది! ఆ తర్వాత వేరే ఎర్ర రంగులు కలిపి చూస్తే ఏ మార్పూ లేదు. పనిచేసింది రంగు కాదు, అయోడిన్. ఊహ తప్పినా దారి మాత్రం దొరికింది: ఇంధనంలో చిటికెడు మందు కలిపి నాకింగ్‌ను ఆపవచ్చు.

ఆ దారి 1921 డిసెంబరు 9న సీసం దగ్గర ఆగింది. టెట్రాఇథైల్ లెడ్ అనే సీసపు సమ్మేళనం గాలనుకు ఒక చెంచా కూడా అక్కర్లేదు. 1923 ఫిబ్రవరిలో డేటన్‌లోనే అమ్మకం మొదలైంది. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే రిఫైనరీలో ఆ మందు తయారుచేస్తున్న కార్మికులు ఐదుగురు మతి చెదిరి చనిపోయారు. ఆల్కహాల్ కూడా నాకింగ్‌ను ఆపుతుందని కెటరింగ్ బృందానికి తెలుసు. అయినా సీసాన్నే ఎంచుకున్నారు. తరతరాల పిల్లల రక్తంలోకి విషం ఎక్కించిన ఆ నిర్ణయాన్ని క్షమించడం కష్టం.

ఏ పెట్రోలు నాకింగ్‌ను ఎంత తట్టుకుంటుందో కొలవడానికి 1926లో గ్రాహం ఎడ్గర్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక కొలమానం ప్రతిపాదించాడు. ఇట్టే నాకింగ్ తెచ్చే హెప్టేన్‌కు సున్నా, గట్టిగా తట్టుకునే ఐసో ఆక్టేన్‌కు వంద. ఇదే ఆక్టేన్ అంకె. 91 అని రాసి ఉంటే, ఆ పెట్రోలు 91 పాళ్లు ఐసో ఆక్టేన్, 9 పాళ్లు హెప్టేన్ కలిపిన మిశ్రమంలా ప్రవర్తిస్తుందని అర్థం. దీన్ని తేల్చేదీ ఒక సింగిల్ సిలిండర్ ఇంజనే. నడుస్తుండగానే కంప్రెషన్ మార్చగలిగే ఆ యంత్రాన్ని 1929 నాటికి విస్కాన్సిన్‌లోని వాకెషా కంపెనీ తయారుచేసింది.

అంకె పెద్దదైతే బలం ఎక్కువనే నమ్మకం మన బంకుల దగ్గర ఇంకా పోలేదు. మిథనాల్ ఆక్టేన్ వంద దాటుతుంది గానీ, లీటరుకు ఇచ్చే శక్తి పెట్రోలులో సగమే. అయినా స్పీడ్‌వే పందేల బళ్లు దాన్నే తాగుతాయి. అది ఆవిరవుతూ సిలిండర్‌ను చల్లబరుస్తుంది, కాబట్టి కంప్రెషన్ చాలా ఎక్కువ పెట్టుకోవచ్చు.

చిన్న ఇంజనుకు ఒక సౌలభ్యం ఉంది: సిలిండర్ ఇరుకు కనుక మంట పాకాల్సిన దూరం తక్కువ, నాకింగ్‌కు వ్యవధి చిక్కదు. గాలితో చల్లబడే ఇంజనైతే మే నెల ఎండలో, ట్రాఫిక్‌లో వేడెక్కి ఆ లాభం కొంత పోగొట్టుకుంటుంది.

మన దేశంలో సీసం లేని పెట్రోలు 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాలకు, 2000 ఫిబ్రవరి నాటికి దేశమంతటికీ వచ్చింది. 2020లో బంకులో దొరికిన మామూలు పెట్రోలు 91 ఆక్టేన్. కంప్రెషన్ నిష్పత్తి పది దగ్గరున్న వంద సీసీ బండికి అది హాయిగా సరిపోతుంది. అంతకు మించి కొంటే డబ్బు దండగ. 11.6 కంప్రెషన్ ఉన్న యమహా ఆర్15 లాంటి బళ్లవాళ్లు మాత్రం మాన్యువల్‌లో రాసిన అంకె చూసుకుని పోయించుకోవాలి.