'చిన్న ప్రభుత్వం' ఎవరికి చిన్నది? అమెరికా కన్జర్వేటివ్‌ల వాదనలు, మనం అడగాల్సిన ప్రశ్నలు

2025 జనవరి 20న డొనాల్డ్ ట్రంప్ రెండోసారి అమెరికా అధ్యక్షుడిగా ప్రమాణం చేశారు. విదేశీ సహాయాన్ని 90 రోజుల పాటు ఆపేయాలని అదే రోజు ఉత్తర్వు ఇచ్చారు. కొద్ది రోజులకే హైదరాబాద్‌లోని మిత్ర్ క్లినిక్ మూతపడింది. 2021లో మొదలైన ఈ క్లినిక్ ట్రాన్స్‌జెండర్ల కోసం దేశంలో ఏర్పాటైన మొదటి వైద్యశాల. అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ ఇచ్చిన నిధులతో నడిచేది. ప్రభుత్వం ఎంత ఉండాలి అని వాషింగ్టన్‌లో జరిగే చర్చ మన ఊళ్లకు ఎలా చేరుతుందో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఫెడరల్ ప్రభుత్వాన్ని కుదించాలి, విదేశాంగ విధానాన్ని మార్చుకోవాలి అనే వాదన ట్రంప్‌తో పుట్టింది కాదు. 1930లలో రూజ్‌వెల్ట్ తెచ్చిన 'న్యూ డీల్' కార్యక్రమాల మీద వచ్చిన వ్యతిరేకత నుంచి అది పెరుగుతూ వచ్చింది. తెలుసుకోకుండా తోసిపుచ్చడం తేలికే గానీ, దానివల్ల మనకు ఒరిగేదేమీ లేదు. అందుకే ఆ వాదనలను ముందు వాళ్లు చెప్పుకునే తీరులోనే వివరిస్తాం. ఆ తర్వాత అణగారిన వర్గాల వైపు నుంచి పరిశీలిస్తాం.

మూడు వాదనలు

మొదటిది రాజ్యాంగ వాదన. 1791లో ఆమోదం పొందిన పదో సవరణ ప్రకారం, ఫెడరల్ ప్రభుత్వానికి అప్పగించని అధికారాలు రాష్ట్రాలకూ ప్రజలకూ చెందుతాయి. అమెరికా రాజ్యాంగంలో విద్య ప్రస్తావనే లేదు కాబట్టి ఫెడరల్ విద్యాశాఖ అక్కర్లేదని కన్జర్వేటివ్‌లు అంటారు. కార్టర్ హయాంలో 1979 చట్టంతో ఏర్పడిన ఆ శాఖను రద్దు చేస్తానని రీగన్ 1980 ఎన్నికల్లోనే హామీ ఇచ్చారు. అక్కడి పార్లమెంటు అయిన కాంగ్రెస్ ఒప్పుకోకపోవడంతో అది జరగలేదు.

రెండోది ఆర్థిక వాదన. సమాజం నడవడానికి కావాల్సిన సమాచారం కోట్లాది మంది దగ్గర చెల్లాచెదురుగా ఉంటుందని, రాజధానిలో కూర్చున్న అధికారి చేతికి అదంతా ఎప్పటికీ అందదని ఫ్రీడ్రిష్ హాయెక్ 1945లో రాశారు. అధికారులు తమ శాఖ బడ్జెట్‌ను పెంచుకోవడానికే చూస్తారని విలియం నిస్కానెన్ 1971లో వాదించారు. ఈయన తర్వాత రీగన్ ఆర్థిక సలహాదారుల మండలిలో పనిచేశారు. 2025 నాటికి ఫెడరల్ అప్పు 36 లక్షల కోట్ల డాలర్లు దాటడం ఈ వాదనకు బలం ఇచ్చింది.

మూడోది జవాబుదారీతనం గురించి. ప్రజలు ఎన్నుకోని అధికారులు చట్టాలంత బలమున్న నిబంధనలు రాస్తున్నారని, ఓటుతో వాళ్లను దించే దారి లేదని ఈ వాదన. చట్టంలో అస్పష్టత ఉంటే ప్రభుత్వ సంస్థ ఇచ్చిన వివరణను కోర్టులు మన్నించాలన్న 1984 నాటి 'షెవ్రాన్' సూత్రాన్ని సుప్రీంకోర్టు 2024 జూన్ 28న కొట్టేసింది. విధాన నిర్ణయాలతో సంబంధమున్న ఉద్యోగులను సులువుగా తొలగించే 'షెడ్యూల్ ఎఫ్'ను ట్రంప్ 2020లో తెచ్చారు, బైడెన్ రద్దు చేశారు, 2025లో ట్రంప్ మళ్లీ తెచ్చారు. హెరిటేజ్ ఫౌండేషన్ 2023లో ప్రచురించిన 'ప్రాజెక్ట్ 2025' పత్రంలో ఈ మూడు వాదనలూ కలిసి కనిపిస్తాయి.

ఇందులో నిజమే లేదని అనలేం. కుల సర్టిఫికెట్ కోసమో, అసైన్డ్ భూమి పట్టా కోసమో ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగిన కుటుంబాలకు అధికార యంత్రాంగం ఎంత మొండిదో ఎవరూ చెప్పనక్కర్లేదు.

విదేశాంగ విధానం మీద ఒకే గొంతు లేదు

ఈ విషయంలో కన్జర్వేటివ్‌లలో రెండు పాయలున్నాయి. ఒహాయో సెనేటర్ రాబర్ట్ టాఫ్ట్ 1949లో నాటో ఒప్పందానికి వ్యతిరేకంగా ఓటేశారు. పాట్రిక్ బుకానన్ 1991 గల్ఫ్ యుద్ధాన్ని వ్యతిరేకించారు. రాన్ పాల్ 2002లో ఇరాక్ యుద్ధ తీర్మానానికి వ్యతిరేకంగా ఓటేశారు. బయట యుద్ధాలు చేసే ప్రభుత్వం ఇంట్లో చిన్నదిగా ఉండలేదన్నది వీరి వాదన సారం. యుద్ధం ప్రకటించే అధికారం కాంగ్రెస్‌ది. ఆ అధికారాన్ని అది చివరిసారి వాడింది 1942లో. కొరియా, వియత్నాం, అఫ్ఘానిస్తాన్, ఇరాక్ యుద్ధాలన్నీ ఆ ప్రకటన లేకుండానే జరిగాయి. 2001 దాడుల తర్వాత హోంల్యాండ్ సెక్యూరిటీ అనే భారీ శాఖను సృష్టించింది కూడా కన్జర్వేటివ్ అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ. బుష్ ప్రభుత్వమే.

రెండో పాయ అమెరికా బలం ప్రపంచమంతా కనిపించాలంటుంది. సహాయాన్ని కూడా పలుకుబడికి సాధనంగానే చూస్తుంది. ఎయిడ్స్ మీద పోరాటానికి 2003లో 'పెప్‌ఫార్' కార్యక్రమాన్ని మొదలుపెట్టింది బుష్ ప్రభుత్వమే.

మొదటి పాయ చేసే యుద్ధ విమర్శతో మనం చాలావరకు ఏకీభవించవచ్చు. కానీ 2025లో కోత ముందుగా ఎక్కడ పడిందో చూడాలి. ఫెడరల్ బడ్జెట్‌లో విదేశీ సహాయం వాటా సుమారు 1 శాతం. 83 శాతం యూఎస్‌ఎయిడ్ కార్యక్రమాలను రద్దు చేస్తున్నట్టు మార్చి 10న విదేశాంగ మంత్రి మార్కో రూబియో ప్రకటించారు. 1961లో కెనడీ కాలంలో పుట్టిన ఆ సంస్థ విదేశీ సహాయ పని జూలై 1తో ఆగిపోయింది, మిగిలింది విదేశాంగ శాఖలో కలిసింది. రక్షణ ఖర్చు మాత్రం ఏడాదికి 80 వేల కోట్ల డాలర్లకు పైనే ఉంది. యుద్ధాలు తగ్గించాలని చెప్పిన వాదన చివరికి మందులు ఆపడానికి పనికొచ్చింది.

ఈ వాదనకు పాత చరిత్ర ఉంది

బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతి ప్రజలకు చదువు, తిండి, కూలి ఒప్పందాల్లో రక్షణ కల్పించడానికి 1865లో 'ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో' ఏర్పడింది. దాన్ని పొడిగించే బిల్లును 1866 ఫిబ్రవరిలో అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ వీటో చేశారు. రాజ్యాంగం ఒప్పుకోదు, ఖర్చెక్కువ, ఒక వర్గానికే ప్రత్యేక సహాయం తగదు అన్నవి ఆయన చెప్పిన కారణాల్లో ముఖ్యమైనవి. ఇవి మనకు కొత్తగా వినిపించవు. అదే ఏడాది జూలైలో కాంగ్రెస్ మరో బిల్లును వీటోను కాదని గెలిపించినా, 1872లో బ్యూరో మూతపడింది.

1964లో రిపబ్లికన్ అభ్యర్థి బ్యారీ గోల్డ్‌వాటర్ పౌర హక్కుల చట్టానికి వ్యతిరేకంగా ఓటేశారు. అది ఫెడరల్ అధికార పరిధి దాటుతోందన్నది ఆయన అభ్యంతరం. ఆ ఎన్నికల్లో సొంత రాష్ట్రం అరిజోనా కాకుండా ఆయన గెలిచినవి నల్లజాతి ప్రజల ఓటుహక్కును తొక్కిపెట్టిన ఐదు దక్షిణాది రాష్ట్రాలు. చిన్న ప్రభుత్వం కోరే ప్రతి ఒక్కరూ జాతి వివక్షను సమర్థిస్తారని దీని అర్థం కాదు. అయితే 'రాష్ట్రాల హక్కులు' అనే మాట వివక్షకు ఎన్నోసార్లు కాపలా కాసింది.

ఇవాళ్టి కోతల్లో ఇది ఎలా కనిపిస్తోంది? విద్యాశాఖలో వివక్ష ఫిర్యాదులు చూసే పౌర హక్కుల కార్యాలయానికి 12 ప్రాంతీయ ఆఫీసులుండేవి. 2025 మార్చిలో వాటిలో 7 మూసేశారు. శాఖను పూర్తిగా రద్దు చేయాలంటే కాంగ్రెస్ చట్టం కావాలి. మనుషుల్ని తీసేస్తే చట్టాన్ని ముట్టుకోకుండానే పని ఆగుతుంది. పౌర హక్కుల చట్టం పుస్తకంలో ఉంటుంది, ఫిర్యాదు తీసుకునే మనిషి ఉండడు. ఉద్యోగాల విషయానికొస్తే, ఫెడరల్ ఉద్యోగుల్లో నల్లజాతి వారి వాటా సుమారు 18 శాతం, దేశ శ్రామికశక్తిలో వారి వాటా కంటే ఎక్కువ. ప్రైవేటు రంగం తలుపులు మూసిన చోట ప్రభుత్వ ఉద్యోగమే ఆ కుటుంబాలను మధ్యతరగతికి చేర్చింది.

కులం విషయంలో మరో పాఠం

అలాగని ఫెడరల్ ప్రభుత్వమే ఎప్పుడూ రక్షకుడు అనుకుంటే పొరపాటు. అమెరికా ఫెడరల్ చట్టాల్లో కులం అనే మాట విడిగా లేదు. సిలికాన్ వ్యాలీలో దళిత ఇంజినీరుపై కుల వివక్ష జరిగిందని ఆరోపిస్తూ 2020లో సిస్కోపై కేసు వేసింది కాలిఫోర్నియా రాష్ట్ర సంస్థ. 2023 ఫిబ్రవరిలో కుల వివక్షను నిషేధించిన మొదటి అమెరికా నగరం సియాటెల్. అదే ఏడాది అక్టోబరులో కాలిఫోర్నియా బిల్లును వీటో చేసిన గవర్నర్ గావిన్ న్యూసమ్ డెమొక్రాట్. కాబట్టి అధికారం ఏ స్థాయిలో ఉందన్నది ఒక్కటే చూస్తే సరిపోదు. ఆ స్థాయిలో మన ఫిర్యాదుకు చోటుందా అన్నది కూడా చూడాలి.

అంబేడ్కర్ చూపిన దారి

కేంద్రానికీ రాష్ట్రాలకూ మధ్య అధికార పంపకం అంబేడ్కర్‌కు చదువుకునే రోజుల నుంచీ తెలిసిన విషయం. కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆయన చేసిన పరిశోధన బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ మీద, అది 1925లో పుస్తకంగా వచ్చింది. గ్రామాన్ని పరిపాలనకు పునాదిగా చేయాలన్న ఒత్తిడిని కాదని, రాజ్యాంగం వ్యక్తినే ప్రమాణంగా తీసుకోవడాన్ని 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో ఆయన సమర్థించారు. స్థానిక అధికారం అంటే స్థానిక ఆధిపత్య కులాల అధికారం అయ్యే ప్రమాదం ఆయనకు తెలుసు.

మన దగ్గర ఇదే వాదన ప్రైవేటీకరణ రూపంలో వస్తోంది. విశాఖ ఉక్కులో పెట్టుబడుల పూర్తి ఉపసంహరణకు 2021 జనవరిలో కేంద్రం సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. ప్రభుత్వ సంస్థల్లో ఉన్న ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ రిజర్వేషన్లు యాజమాన్యం ప్రైవేటు చేతికి పోతే వర్తించవు. అప్పుడు రిజర్వేషన్‌ను రద్దు చేసే చట్టం ఎవరూ చేయాల్సిన అవసరం లేదు, అమ్మకం పత్రం చాలు.

ప్రభుత్వాన్ని కుదించాలని ఎవరు ఎక్కడ చెప్పినా మనం నాలుగు ప్రశ్నలు అడగాలి. కోత మొదట ఎవరి మీద పడుతోంది? ఆ సంస్థ చేస్తున్న పని ఇకపై ఎవరు చేస్తారు? అన్యాయం జరిగితే ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలి? ఆ ఫిర్యాదు వినేవాళ్లలో మనవాళ్లు ఉన్నారా? వీటికి సూటిగా జవాబుంటే ఆ కోతను చర్చించవచ్చు. జవాబు లేకపోతే అక్కడ తగ్గుతున్నది ప్రభుత్వ ఖర్చు కాదు, మన హక్కు.