రెండు చివర్లా ఇద్దరు

1979 చలికాలం. అమెరికాలోని టెనెస్సీ రాష్ట్రం, మోరిస్‌టౌన్ దగ్గరి అడవి. రాత్రివేళ ఓ పాడుబడ్డ చెక్క ఇంటి గుమ్మంలో మీరున్నారు. నోరు తెరిస్తే పొగ. కొరికే చలి.

లోపల హీరో బ్రూస్ క్యాంప్‌బెల్ చొక్కా నిండా నెత్తురు. తాకి చూడండి, వేలు అతుక్కుపోతుంది. మొక్కజొన్న పాకంలో ఎర్రరంగు కలిపారు. తడిగా ఉన్నంతసేపూ జీళ్లపాకంలా సాగుతుంది, ఆరిందా అట్టకట్టేస్తుంది. నిప్పు దగ్గర ఆరబెట్టిన చొక్కా తొడుక్కోబోతే పెళుక్కున విరిగిందంటారు. అటుపక్క దెయ్యం పట్టిన పిల్ల కళ్లకు తెల్లటి మందపాటి లెన్సులు. అవి పెట్టుకుంటే చూపు ఆనదు. మనల్ని హడలగొట్టాల్సిన మనిషి పాపం గోడ తడుముకుంటూ వస్తోంది.

ఇది ‘ది ఈవిల్ డెడ్’ షూటింగు. దర్శకుడు శామ్ రైమీకి నిండా ఇరవై ఏళ్లు. ముందు ‘వితిన్ ద వుడ్స్’ అని ఓ చిన్న సినిమా తీసి, అది చూపించి పెట్టుబడి పోగేసుకున్నారు.

కథ చెప్పడానికి నిమిషం చాలు. అయిదుగురు కుర్రకారు సెలవులకొచ్చి, నేలమాళిగలో ఓ పాత పుస్తకం, ఓ టేప్‌రికార్డరు చూస్తారు. మీట నొక్కుతారు. ఎవరో ప్రొఫెసరు గొంతు మంత్రం చదువుతుంది, అడవి లేస్తుంది. మన కథల్లో చేతబడి చేసేవాడికి అమావాస్యా శ్మశానమూ అయినా కావాలి. వీళ్లకు నమ్మకం కూడా అక్కర్లేకపోయింది. నాకు వణుకు పుట్టించేది అదే.

మరి ఆ లేచినదాన్ని చూపించేదెలా? క్రేన్లకూ, కెమెరా కుదుపుల్ని ఆపే స్టెడీకామ్‌కూ డబ్బు లేదు. బయటికి రండి, చూద్దురుగాని. ఓ పొడుగాటి చెక్క, దాని నడిమధ్య బిగించిన 16 ఎంఎం కెమెరా, రెండు చివర్లా ఇద్దరు కుర్రాళ్లు. ఒకరి కాలు తడబడినా ఆ కుదుపు మధ్యకొచ్చేసరికి సగమవుతుంది. నేలకు జానెడెత్తులో కెమెరా పట్టుకుని, వంగిపోయి, రొప్పుకుంటూ చెట్లమధ్య పరుగెత్తుకొస్తున్నారు. తప్పుకోండి!

1981 అక్టోబరు 15, డెట్రాయిట్, రెడ్‌ఫోర్డ్ థియేటరు. సినిమా తొలి ప్రదర్శన, ఆఖరి షాట్. తెరమీద అలాంటి పరుగే. చెక్కా లేదు, కుర్రాళ్లూ లేరు. ఓ హోరు మాత్రం ఉంది. వెనక తలుపు బద్దలైంది, ముందు తలుపూ బద్దలైంది. వాకిట్లో ఒంటరిగా నిలబడ్డ బ్రూస్ వెనక్కి తిరిగాడు.