రోజుకో రూపాయి ఎక్కడ మొదలైంది

ఈ సంవత్సరం మా గ్రామ సంఘం మీటింగుల్లో పొదుపు, కంతులు అయిపోయాక ఒక అరగంట మన జిల్లా చరిత్ర చెప్పుకోవాలని తీర్మానం చేసుకున్నాం. మొదటి నెల ఎవరూ కూర్చోలేదు. వంటకి పొద్దుపోతోందని లేచి పోయారు. రెండో నెల నేనే ఒక ప్రశ్న అడిగాను. మన పొదుపు ఎవరు పెట్టారు? కొత్తగా చేరిన పిల్లలు "గవర్నమెంటోళ్ళు" అన్నారు, ఒకమ్మాయి "బ్యాంకోళ్ళు" అంది. మూలన కూర్చున్న మా అత్తమ్మకి కోపం వచ్చింది. "ఆ రోజుల్లో బ్యాంకోళ్ళు మమ్మల్ని గుమ్మం ఎక్కనిచ్చినారా? సారా మాన్పించి మేం పెట్టుకున్నాం" అంది. ఆ రోజు ఎవరూ లేవలేదు.

ఆమె చెప్పింది, నేను చదివి తెలుసుకున్నది కలిపి రాస్తున్నాను.

1991లో మన నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం నడిచింది. పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడోళ్ళు రాత్రి బడిలో పలకలు పట్టుకుని కూర్చునేవాళ్ళు. అక్షరాలతో పాటు కూలి గురించి, సారా గురించి మాట్లాడుకునేవాళ్ళు. నాకు తెలిసి అసలు చదువు అదే. ఎవరింట్లో వాళ్ళు ఏడ్చుకునే సంగతి పదిమందిలో చెప్పుకునేసరికి ఊరి సంగతి అయింది. కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ గారు, తోటి ఆడోళ్ళు కలిసి వాళ్ళ ఊళ్ళో సారా అమ్మకుండా అడ్డం పడ్డారు. తరవాత చదువు పుస్తకంలో ఆ సంగతినే 'ఆడవాళ్ళు ఏకమైతే' అని పాఠంగా వేశారు. అది చదివి పక్క ఊళ్ళు కదిలాయి. నేను పదో తరగతి దాకా చదివాను, అలాంటి పాఠం ఒక్కటి కూడా గుర్తులేదు.

1992లో చీపుర్లు, కారప్పొడి పట్టుకుని సారా అంగళ్ళ మీదికి పోయారు. జిల్లాలో సారా పాటలు వాయిదా మీద వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్ 15 నుంచి మన జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు.

అంగడి మూసినాక ఇంట్లో నాలుగు డబ్బులు మిగిలాయి. అప్పుడే రోజుకో రూపాయి పొదుపు వచ్చింది. 'పొదుపులక్ష్మి' అని ఊరూరా ప్రచారం చేసింది అధికారులే, అది నిజం. అత్తమ్మ మాత్రం ఒప్పుకోదు. కానీ ఆ రూపాయి చేతిలో మిగిలిందంటే ఆడోళ్ళ వల్లే కదా. వెలుగు, ఈ రోజు మనం తీసుకునే బ్యాంకు లింకేజీ, అన్నిటికీ ముందు మన జిల్లాలో ఉన్నది ఆ రూపాయే.

మీటింగు చివర్లో ఒక చెల్లెలు అడిగింది, "మరి ఇప్పుడు బ్రాందీ షాపు ఉంది కదత్తా?" అని. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు అని నేను చెప్పాను. అత్తమ్మ ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి, "అప్పుడు మాకు రాత్రి బడి ఉండింది, రోజూ కలిసేవాళ్ళం. మీరు నెలకోసారి సంతకం పెట్టి పోతారు" అంది.

రోశమ్మ గారు 2016లో పోయారు. మా ఊళ్ళో ఆ రోజుల్లో తిరిగినోళ్ళు నలుగురే మిగిలారు, ఒకామెకి చెవులు వినపడవు. మీ ఊళ్ళో అలాంటి పెద్దోళ్ళుంటే వచ్చే మీటింగుకి పిలుచుకుని రండి, కుర్చీ వేసి కూర్చోబెట్టండి. వాళ్ళు చెప్పింది మినిట్స్ బుక్కులో వెనక పేజీల్లో రాసి పెట్టండి. మేం రాస్తున్నాం, ఇప్పటికి పదకొండు పేజీలు అయ్యాయి.