సామాను ఉంది, చోటే తెలియలేదు

ఈసారి కొంచెం పొడుగు. ఓపికగా చదవండి.

మన సంఘం పిల్లల తెలుగు తరగతికి అక్షరాల కార్డులు అచ్చువేయడానికి మా అబ్బాయి ఒక చిన్న ప్రోగ్రాం రాస్తున్నాడు. పోయిన ఆదివారం చూస్తే ‘స్త్రీ’ అని కొట్టినచోట ఒత్తులు విడివిడిగా పడుతున్నాయి. నేను చదివింది తమిళ మీడియం. ఒత్తులు మా అమ్మ దగ్గర పలక మీద దిద్ది నేర్చుకున్నవాణ్ణి. అవి అలా చెదిరి కనిపిస్తే మనసు ఒప్పలేదు. యూనికోడ్‌లో ‘స్త్రీ’ ఆరు సంకేతాల వరుస. వాటిని ఒక్క అక్షరంగా కూర్చే పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీది. దాన్ని కలపబోతే ‘దొరకలేదు’ అని వచ్చింది.

"ఉంది నైనా, ఈ మెషీన్‌లోనే ఉంది. ఎక్కడుందో బిల్డుకు తెలియడం లేదు, అంతే" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. రైల్వే స్టోర్స్‌లో గుమాస్తాగా ఉన్నన్నాళ్ళూ ఈ మాట వినని వారం లేదు.

మన ఊళ్ళో దీన్ని చెప్పడం సులువు. 1955 అక్టోబరు 2న నెహ్రూ గారు ప్రారంభించిన ఐసీఎఫ్ మొదట్లో పెట్టె డొల్ల మాత్రమే కట్టేది. లోపలి సీట్లు, ఫ్యాన్లు బిగించే ఫర్నిషింగ్ విభాగం 1962లో వచ్చింది. పెట్టె పూర్తి కావాలంటే ఎక్కడెక్కడో తయారైన వేల సామాన్లు చేతికి అందాలి. సాఫ్ట్‌వేర్‌లో బిల్డు అంటే అలా పెట్టె కట్టడం. లైబ్రరీలంటే ఇతరులు చేసిపెట్టిన సామాన్లు.

ఆ పేరు ఊరికే రాలేదు. 1949లో కేంబ్రిడ్జిలో ఎడ్సాక్ కంప్యూటరు నడిచినప్పుడు, పదే పదే పనికొచ్చే లెక్కలను కాగితపు టేపుల మీద రంధ్రాలు కొట్టి ఇనుప బీరువాలో దాచారు. కావలసిన టేపు తీసి మన టేపు మీదికి నకలు చేసుకోవడమే. బీరువా ఒకటే కాబట్టి వెతుకులాట లేదు.

1970లలో బెల్ ల్యాబ్స్ యూనిక్స్‌లోనూ లైబ్రరీలకు ఒకటి రెండు చోట్లే ఉండేవి. 1976లో అక్కడే స్టువర్ట్ ఫెల్డ్‌మన్ ‘మేక్’ రాశాడు. ఏది ముందు, ఏది తరువాత చేయాలో అది చెబుతుంది. పరాయి సామాను ఎక్కడుందో చెప్పదు. యూనిక్స్ పలు కంపెనీల చేతికి వెళ్ళాక ఒక్కొక్కరూ ఒక్కోచోట పెట్టారు. 1991లో డేవిడ్ మెకెంజీ మొదలుపెట్టిన ‘ఆటోకాన్ఫ్’ ఒక చిన్న ప్రోగ్రాం కట్టి చూసి, అతుక్కుంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు తేల్చేది. మనిషిని పంపి అర అరా తడిమించడం లాంటిదే.

తరువాత ఒక్కో లైబ్రరీ తన చిరునామా తానే చెప్పే చిన్న స్క్రిప్టు వెంట తెచ్చుకుంది. లైబ్రరీలు పెరిగేకొద్దీ స్క్రిప్టులూ పెరిగాయి. 2000 ప్రాంతంలో గ్నోమ్ ప్రాజెక్టు వాళ్ళ నుంచి ‘పీకేజీ-కాన్ఫిగ్’ వచ్చింది. ఇది అచ్చంగా మన బిన్ కార్డు. ప్రతి లైబ్రరీకి ఒక చిన్న ఫైలు. పేరు, వెర్షను, ఉన్న చోటు, దానికి ఇంకేవి కావాలో అందులో రాసి ఉంటాయి. మనకు ఎనిమిది అంకెల పీఎల్ నంబరు ఎలాగో వాళ్ళకు ఆ పేరు అలాగ. అదే కాలంలో మొదలైన ‘సీమేక్’ కూడా వెతకడానికి తన పద్ధతి తాను పెట్టుకుంది.

అయినా చిక్కులు తీరలేదు. మన తెలుగు అక్షరాల దగ్గరే ఒకటుంది. హార్ఫ్‌బజ్‌కు ఫ్రీటైప్ అనే లైబ్రరీ కావాలి, ఫ్రీటైప్‌కు హార్ఫ్‌బజ్ కావాలి. విత్తు ముందా, చెట్టు ముందా? చాలా ఏళ్ళు ఇలా చేశారు: ముందు హార్ఫ్‌బజ్ లేకుండా ఫ్రీటైప్ కట్టడం, దానితో హార్ఫ్‌బజ్ కట్టడం, మళ్ళీ ఫ్రీటైప్ కట్టడం.

మా అబ్బాయి చిక్కు అంత పెద్దది కాదు. కొత్త హార్ఫ్‌బజ్‌ను వేరే డైరెక్టరీలో పెట్టాడు. కార్డు ఉంది, ఆ కార్డుల పెట్టె ఉన్న చోటు పీకేజీ-కాన్ఫిగ్‌కు చెప్పలేదు. ఒక్క వరుస రాశాడు. ‘స్త్రీ’ నిండుగా వచ్చింది.

ఇదంతా ఎందుకు రాశానంటే, ఒకసారి డిపోలో నేనే ఒక సామాను చోటు మార్చి కార్డులో ఎక్కించడం మరిచాను. ‘స్టాకు లేదు’ అని జవాబు వెళ్ళింది. పని ఆగింది. సామాను పక్క వరుసలోనే ఉంది. మాట పడ్డాను, పడవలసినదే.

మన సంఘం సంగతీ అంతే. పాత తీర్మానాల పుస్తకాలు, ఫోటోలు, పెద్దలు ఇచ్చిన తెలుగు పుస్తకాలు ఎవరింటి బీరువాలో ఉన్నాయో ఇద్దరు ముగ్గురు పెద్దలకే తెలుసు. వాళ్ళ తరువాత అవి ఉండీ లేనట్టే. ఒక రిజిస్టరు తెరుద్దాం. మీ ఇంట్లో ఏముందో, ఏ అరలో ఉందో రాసి పంపండి. ఎక్కించే పని నాది. గుమాస్తాగిరీ ఇంకా మరిచిపోలేదు.

సెలవు.