ఫ్రాన్స్‌లో కమ్యూన్‌ల సహకార వ్యవస్థ

ఫ్రాన్స్‌లో స్థానిక పాలనకు పునాది కమ్యూన్. మహానగరమైనా, వందమంది కూడా లేని కొండపల్లె అయినా చట్టం దృష్టిలో కమ్యూనే. దాదాపు ప్రతిదానికీ ఎన్నికైన కౌన్సిల్, మేయర్ ఉంటారు. వీటి సంఖ్య 35 వేలకు అటూఇటూగా ఉంటుంది. ఎక్కువవాటిలో జనాభా వెయ్యి దాటదు. ఇంత చిన్న ఊళ్లు మంచినీళ్లు, చెత్త తరలింపు, బస్సులు సొంతంగా నడుపుకోలేవు. వాటిని కలిపేయడానికి 1971లో చట్టం తెచ్చినా పెద్దగా ఫలితం రాలేదు. ఊరి పేరునూ మేయరునూ వదులుకోవడానికి జనం ఒప్పుకోలేదు. అందుకే ఊళ్లను అలాగే ఉంచి, పనులను కలిపే దారి బలపడింది.

ఈ దారికి 1890 నాటి చట్టమే తొలి మెట్టు. ఒకే పని కోసం, ఉదాహరణకు నీటి సరఫరాకు, కమ్యూన్‌లు సిండికేట్‌గా ఏర్పడవచ్చని అది అనుమతించింది. 1959 నుంచి ఒకే సిండికేట్ పలు పనులు చేపట్టే వీలు కలిగింది. ఖర్చుకు సభ్య కమ్యూన్‌లే చందా వేసుకునేవి. సొంతంగా పన్ను వేసే అధికారమున్న సముదాయాలు ఆ తర్వాత వచ్చాయి. 1966 నాటి చట్టం బోర్డో, లీల్, లియోన్, స్ట్రాస్‌బుర్గ్ నగర ప్రాంతాల్లో వాటిని తప్పనిసరి చేసింది.

అసలు చిక్కు డబ్బు దగ్గరే ఉండేది. ఫ్యాక్టరీ ఏ కమ్యూన్ హద్దులో ఉంటే వ్యాపార పన్ను దానికే దక్కేది. పొగ, లారీల రద్దీ పక్క ఊరికి మిగిలేవి. పరిశ్రమల కోసం కమ్యూన్‌లు పన్ను రేట్లు తగ్గించుకుంటూ పోటీ పడేవి. 1999లో వచ్చిన షెవెన్‌మాఁ చట్టం నగర సముదాయాల్లో ఒకే రేటు పెట్టి, ఆ పన్నును సముదాయానికే అప్పగించింది. నష్టపోయిన కమ్యూన్‌కు పరిహారం ఉంటుంది: కోల్పోయిన పన్నులోంచి, సముదాయానికి బదిలీ అయిన పనుల ఖర్చు తీసేసి మిగిలింది ఇస్తారు. పాత వ్యాపార పన్ను 2010లో రద్దయినా, దాని స్థానంలో వచ్చిన పన్నులతో ఈ పద్ధతి సాగుతోంది.

2010 నాటి సంస్కరణతో సముదాయంలో చేరడం తప్పనిసరైంది. 2015 చట్టం సముదాయానికి కనీస జనాభాను 15,000గా నిర్ణయించి, కొండ ప్రాంతాలకూ జనం పలుచగా ఉన్నచోట్లకూ సడలింపు ఇచ్చింది. ఇప్పుడు సుమారు 1,250 సముదాయాలున్నాయి. యూ, బ్రేయా, సేన్, ఉయెసాఁ అనే నాలుగు ద్వీప కమ్యూన్‌లు మాత్రం బయట ఉన్నాయి.

సముదాయ కౌన్సిల్‌లో ప్రతి కమ్యూన్‌కూ కనీసం ఒక స్థానం ఉండాలి. ఏ ఒక్కదానికీ సగానికి మించి స్థానాలు ఉండకూడదు. వెయ్యి, ఆపైన జనాభా ఉన్న కమ్యూన్‌లలో 2014 నుంచి ఓటర్లు సముదాయ సభ్యులను మునిసిపల్ ఎన్నికల బ్యాలెట్ పత్రం మీదే ఎన్నుకుంటున్నారు. అధ్యక్షుణ్ణి మాత్రం కౌన్సిల్ ఎన్నుకుంటుంది. నిధులు, అధికారాలు సముదాయానికి చేరినంత వేగంగా ప్రజలకు జవాబుదారీతనం చేరలేదన్నది ఈ వ్యవస్థపై ప్రధాన విమర్శ, అది సహేతుకమైనదే. లియోన్ కథ వేరు. 2015 జనవరి 1 నుంచి అక్కడి మెట్రోపోల్ (మహానగర పాలక సంస్థ) తన పరిధిలో జిల్లా స్థాయి అధికారాలను కూడా చేపట్టింది. 2020లో దాని కౌన్సిల్‌కు విడిగా ప్రత్యక్ష ఎన్నికలు జరిగాయి.